మందుల చీటీకి అందని జబ్బులు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. ఆరోగ్యం అనగానే షుగరు, బి.పి., పొద్దున్నే నడక, ఉప్పు తగ్గించటం. ఇవి ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెబుతూనే వున్నారు, మనం వింటూనే వున్నాము, విని నేరుగా దస్తర్‌ఖాన్ దగ్గరకు వెళ్తూనే వున్నాము. కనుక ఈసారి మందు పనిచేయని చోటును గురించి మాట్లాడదలిచాను.

ప్రతి దవాఖానాలోను కొందరు రోగులు కనబడతారు. నిద్ర పట్టదంటారు, ఒళ్లంతా నొప్పులంటారు, గుండె దడ అంటారు. పరీక్షలు చేయిస్తే రిపోర్టులన్నీ బాగానే వుంటాయి. డాక్టరుగారు ఒక బలం మాత్ర, ఒక నిద్ర మాత్ర వ్రాసిస్తారు. పదిహేను రోజులకు మళ్లీ అదే మనిషి, అదే నొప్పి. ఆమె భర్త పోయి ఏడాది కాలేదని, కొడుకు గల్ఫులో వున్నాడని, ఇంటి అద్దె మూడు నెలలు బాకీ పడిందని, పగలంతా పలకరించే మనిషే లేడని ఆ చీటీలో ఎక్కడా వుండదు. డాక్టరుకు తెలియక కాదండీ. తెలిసినా ఏం వ్రాస్తాడు? అద్దె బాకీకి మాత్ర లేదు కదా.

ఇది మన వూరి బాధే అనుకోకండి. ఇంగ్లండులో 2015లో ఒక పౌర సలహా సంస్థ డాక్టర్లను విచారిస్తే, రోగులను చూసే సమయంలో దాదాపు ఐదో వంతు వైద్యానికి సంబంధించని విషయాలకే పోతున్నదని వారు చెప్పారు. అప్పులు, ఇల్లు, ఉద్యోగం, ఒంటరితనం. అక్కడ డాక్టరు ఒక రోగికి ఇవ్వగలిగేది పది నిమిషాలు. పది నిమిషాల్లో ఏ అప్పు తీరుతుంది?

అందుకని వాళ్లొక పద్ధతి పెట్టుకున్నారు. దానిని సోషల్ ప్రిస్క్రైబింగ్ అంటారు. మన మాటలో చెప్పాలంటే, సంఘం మీదికి వ్రాసే చీటీ. డాక్టరు తన మందు తను ఇచ్చి, రోగిని లింకు వర్కరు అనే మనిషి దగ్గరకు పంపుతాడు. ఈ మనిషి డాక్టరు కాదు, నర్సు కాదు. గంటసేపైనా కూర్చుని వింటాడు. "నీకేం జబ్బు?" అని అడగడు, "నీకు ఏది ముఖ్యం?" అని అడుగుతాడు. ఆ పిమ్మట అప్పుల సలహా ఇచ్చేవారి దగ్గరకో, కుట్టు తరగతికో, తోట పనికో, నడక బృందానికో, భాష నేర్పే చోటుకో దారి చూపుతాడు. అవసరమైతే మొదటి రోజు వెంట వెళ్తాడు. నా మట్టుకు ఈ చివరి మాటలోనే అసలు సంగతంతా వుంది. దిగులుతో గదిలో మూలన కూర్చున్న మనిషికి చిరునామా వ్రాసి ఇచ్చి "వెళ్లు" అంటే వెళ్తుందా? గుమ్మం దాటదు.

ఈ పద్ధతికి పుట్టిల్లు అని చాలామంది చెప్పేది తూర్పు లండనులోని బ్రోమ్లీ బై బో. టవర్ హామ్లెట్స్ అనే పేటలో వుంది. అక్కడ నూటికి నలభైమంది దాకా ముస్లిములే. ఎక్కువమంది బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతం నుండి వెళ్లిన కుటుంబాలవారు. 1984లో ఆండ్రూ మాసన్ అనే పాదిరీగారు అక్కడికి వచ్చేసరికి ఆ చర్చిలో మిగిలింది కొద్దిమంది వృద్ధులు. ఆయన తలుపులు తెరిచి ఆ గదులను పేటవాళ్ల పనులకు ఇచ్చేశాడు. తర్వాత కొన్నేళ్లకు ఆ పేటలో చిన్నపిల్లల తల్లి ఒకామె క్యాన్సరుతో చనిపోయింది. ఆసుపత్రి తన పని తను చేసింది, ఆఫీసులు తమ పని తాము చేశాయి, ఒకరి పని ఒకరికి తెలియలేదు. ఆ ఇంటిని నిజంగా ఆదుకున్నది ఇరుగుపొరుగువారు. ఆ బాధ నుండే వైద్యశాల ఆలోచన పుట్టింది. 1997లో అది తెరిచారు. డాక్టరు గది, తోట, చదువు తరగతులు, చేతిపనులు అన్నీ ఒకే ఆవరణలో. డాక్టర్ శామ్ ఎవరింగ్టన్ వంటివారు అక్కడే పనిచేస్తూ ఈ పద్ధతిని దేశమంతటికీ చాటారు. 2019 జనవరిలో ఇంగ్లండు ప్రభుత్వ వైద్యశాఖ తన దీర్ఘకాల ప్రణాళికలో దీనిని చేర్చి, రెండేళ్లలో వెయ్యిమందికి పైగా లింకు వర్కర్లను నియమిస్తామని ప్రకటించింది.

ఇంకొక వూరు ఫ్రోమ్. సోమర్సెట్ జిల్లాలో సుమారు 28 వేల జనాభా వున్న చిన్న పట్టణం. మన తాలూకా కేంద్రాలకన్నా చిన్నది. అక్కడ డాక్టర్ హెలెన్ కింగ్‌స్టన్ 2013లో పని మొదలుపెట్టారు. వాళ్లు మొట్టమొదట చేసినది మహా సాదా పని. వూళ్లో ఎవరెవరు ఏం సాయం చేస్తున్నారో ఒక జాబితా వ్రాశారు. లేనివి ఏవో అప్పుడు తెలిశాయి. వాటిని పెట్టించారు. కబుర్లు చెప్పుకోవటానికని వారానికొకసారి ఒకచోట కాఫీ ఏర్పాటు చేశారు. ఎవరైనా రావచ్చు. మంగలి షాపువాళ్ల మొదలు మామూలు మనుషులకు కూడా, ఏ కష్టానికి ఎక్కడికి పంపాలో నేర్పారు. 2013 నుండి 2017 వరకు లెక్క చూస్తే, ఆ వూళ్లో హఠాత్తుగా ఆసుపత్రిలో చేరవలసి వచ్చిన కేసులు నూటికి 14 తగ్గాయి. అదే కాలంలో జిల్లా మొత్తం మీద 28కి పైగా పెరిగాయి. 2018లో డాక్టర్ల పత్రికలో అచ్చయిన లెక్క ఇది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం. తగ్గింది నిజమే గాని, తగ్గించినది ఇదొక్కటేనని ఆ లెక్క రుజువు చేయదు. 2017లో పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన 15 పరిశీలనలను కలిపి చూసి, చాలా మట్టుకు చిన్నవి, బలహీనమైనవి అని తేల్చారు. కనుక ఇన్సులిన్ మానేసి కుట్టు తరగతికి వెళ్లమని ఎవరైనా అంటే వినకండి. మందు మందే. ఇది మందుకు తోడు.

ఇంకో లోపం వుంది. అది నాకు ఎక్కువ భయం. చీటీ వ్రాసేవాళ్లు పెరిగి, చీటీ పట్టుకెళ్లే చోటు మూతపడితే? ఇంగ్లండులో 2010 తర్వాత పొదుపు పేరిట గ్రంథాలయాలు, యువజన కేంద్రాలు ఎన్నో మూసివేశారు. మూసిన తలుపుల జాబితా చేతికిస్తే రోగికి ఏం లాభం? రోచ్‌డేల్ పట్టణంలో సూడాన్ నుండి వచ్చిన ఒక కుటుంబం బూజు పట్టిన ఇంట్లో వుండేది. తండ్రి పదేపదే మొర పెట్టుకున్నాడు. ఆరోగ్య కార్యకర్త కూడా ఇంటి యాజమాన్యానికి తెలియజేసింది. అయినా గోడలు బాగుకాలేదు. 2020 డిసెంబరులో రెండేళ్ల పసివాడు ప్రాణం విడిచాడు. బూజే కారణమని 2022లో విచారణాధికారి తేల్చారు. 2023లో చట్టం వచ్చింది. ఎందుకు చెబుతున్నానంటే, పంపటం వేరు, పని జరిగేదాకా వెంటపడటం వేరు. ప్రభుత్వం చేయవలసిన మరమ్మతును స్వచ్ఛంద సేవకుల మీదికి తోసేయటానికి ఈ పద్ధతి సాకు కాకూడదు.

అంత దూరం ఎందుకు, మన పక్కనే కేరళ వుంది. 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ నయంకాని రోగులకు నొప్పి తగ్గించే వైద్యం మొదలుపెట్టారు. కొంతకాలానికి తెలిసిందేమంటే, నొప్పి తగ్గినా రోగి కంట నీరు తగ్గలేదు. ఇంట్లో బియ్యం లేవు, పిల్లల బడి ఆగిపోయింది. అప్పుడు కోజికోడ్, మలప్పురం జిల్లాల్లో ఇరుగుపొరుగువారే దళాలుగా ఏర్పడ్డారు. ఇంటింటికీ తిరిగి, చిన్న చిన్న చందాలు పోగుచేసి, బియ్యం ఇచ్చి, పిల్లల ఫీజులు కట్టారు. మలప్పురంలో ముస్లిములే అధికసంఖ్యాకులన్నది మీకు తెలిసిందే. ఆ దళాల్లో అన్ని మతాలవారూ వున్నారు. 2008లో కేరళ ప్రభుత్వం దీనికొక విధానమే ప్రకటించింది.

ఇక మన సంగతి. మనకు కుట్టుమిషన్ల తరగతి వుంది, ట్యూషన్లు వున్నాయి, పింఛను కాగితాలు నింపిపెట్టే కుర్రాళ్లున్నారు. వూళ్లో డాక్టర్లకు ఈ విషయం తెలుసా? నేను ఇద్దరు ముగ్గురిని అడిగాను, తెలియదన్నారు. మనం ఏటా సంచిక అచ్చువేసి మనకు మనమే పంచుకుంటున్నాము!

ఒక నోటు పుస్తకం చాలు. ఏ పనికి ఎవరు, ఏ రోజు, ఏ వేళ దొరుకుతారో తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి ప్రతి డాక్టరు బల్ల మీద పెడదాము. పేరు మారితే పుస్తకం మార్చాలి. పాత నంబరున్న పుస్తకం లేనిదానికన్నా చెడ్డది. వారానికి రెండు పూటలు ఒక మగమనిషి, ఒక ఆడమనిషి కూర్చోవాలి. ఆడవాళ్ల గోడు ఆడవాళ్లే వినాలి. ముఖ్యంగా, అక్కడ చెప్పుకున్న మాట సాయంత్రానికి చాయ్ హోటలుకు చేరకూడదు. ఒక్కసారి చేరిందా, రెండోసారి ఏ ఆపా కూడా ఆ గుమ్మం తొక్కదు. రేషన్ కార్డు, పింఛను, దివ్యాంగుల ధ్రువపత్రం వంటి పనులకు కాగితం నింపి వదిలేయక ఆఫీసుదాకా వెంట వెళ్లాలి. పని అయిన తేదీ కూడా పుస్తకంలో ఎక్కాలి. తేదీ లేని పేరు కనిపిస్తే, మళ్లీ వెళ్లి అడగాలి.

దీనికి పెద్ద ఖర్చు లేదు, మనుషులు కావాలి. కార్యవర్గంవారి అనుమతితో ఒక పుస్తకం కొని తెచ్చాను. మొదటి పేజీలో గీతలు గీసి వుంచాను. సభ ముగిశాక ద్వారం దగ్గర బల్ల మీద వుంటుంది. రెండు పూటలు ఇవ్వగలిగినవారు పేరు, వీలైన రోజు వ్రాసి వెళ్లగలరు.