కోతయంత్రపు చైను చప్పుడు



ఎద్దులబండి తోలినవారికి చప్పుడు కొత్త గాదు. ఇరుసునకు కందెన చాలనప్పుడు బండి కిర్రుమనును. ఆ కిర్రు వినబడినంతనే మన తండ్రులు బండి నాపి, చక్రము నూడదీసి, కందెన రాచి, మరల ఎడ్లను కట్టెడివారు. ఎద్దుల మెడపై భారము పెరుగుచున్నదని ఆ ధ్వనియే వారికి తెలిపెడిది. నేడు మన పొలములలో తిరుగు కోతయంత్రమును గూర్చి నేను చెప్పబోవునదియు నట్టి మాటయే.

మా బనగానపల్లె ప్రాంతమున శ్రీశైలము కుడిగట్టు కాలువ నీరు పారుచోట్ల వరి పండించుచున్నాము. కోతనాటికి నల్లరేగడి తడి యారకున్నచో టైర్ల యంత్రము దిగబడును. అందుచేత చైను యంత్రమును పిలుచుకొందుము. పేరునకు చైనే గాని, అది ఉక్కు తీగలును ఉక్కు ముక్కలును లోపల పొదిగిన వెడల్పాటి రబ్బరు పట్టా. పండ్లచక్ర మొకటి దానిని త్రిప్పును. క్రిందనున్న రోలర్లు యంత్రపు బరువును దానిపై మోపును. రెండవ కొనయందలి చక్రము దానిని బిగువుగా నుంచును.

మంచు దేశములయందును మనుష్యు లిట్టి పట్టాలపై తిరుగుదురు. కెనడా దేశస్థుడగు జోసఫ్ ఆర్మండ్ బొంబార్డియే పండ్లచక్రముతో నడచు పట్టాకు 1937లో పేటెంటు పొందెను. 1959లో ఆయన సంస్థనుండి స్కీ-డూ అను చిన్న మంచుబండి వెలువడెను. ఇట్టి బండ్లలో పట్టా యానుకొని జారెడు పట్టీలకు మంచే కందెన. మంచు లేని గట్టి నేలపై నడపినచో అవి వేడెక్కి, అరగి, గోలపెట్టును. మన చైనును బురదలోనుండి తీసి తారురోడ్డుపైనను, నాపరాళ్లు పరచిన వీథిలోను నడపుట అట్టిదే. మెత్తని నేలకై చేసిన పట్టా గట్టి నేలపై రొదయు చేయును, త్వరగా నరుగును.

నాకును నా తమ్మునికిని కలిపి పాత చైను యంత్ర మొకటి కలదు. రెండేండ్ల క్రిందట కోతలలో దాని యెడమ చైను టపటప కొట్టుకొనుచుండెను. నడుపు కుఱ్ఱవాడు, “పెద్దాయనా, చప్పుడు మారినది, ఒకసారి ఆపి చూతము” అనెను. ఇంకను రెండు కయ్యలు కోసి చూతమని నేనంటిని. గంటల బాడుగ నా మనస్సులో మెదలుచుండెను. రెండవ కయ్యలో మలుపు తిరుగునప్పుడు చైను జారి బురదలో పడెను. దానిని మరల నెక్కించుటకు ఒక పగలు పట్టెను. ఆ రాత్రి వాన కురిసెను. మా యంత్రమునకై కాచియున్న పొరుగు రైతు పైరు నేల కొరిగి, గింజ కంకిలోనే మొలకెత్తెను. ఆతడు నన్నొక మాట యనలేదు. అనియుండినచో నాకు కొంత తేలికగా నుండెడిది.

అప్పటినుండి చప్పుళ్లను వేరుపఱచి వినుట నేర్చుకొంటిని. టపటప కొట్టుకొనినచో చైను వదులైనదని భావింపవలెను. బరువుగా నీడ్చుచు ఒకే తీరున మూలిగినచో బిగువు మితిమీరియుండవచ్చును. అట్టి బిగువు బేరింగులను తినివేయును. చైను చుట్టు తిరిగినప్పుడెల్ల ఒకేచోట టక్కుమనినచో రాయి ఇఱుకుకొనుటయో, పట్టాలో నొకచోట దెబ్బ తగులుటయో కారణము. కీచుమని యరచినచో రోలరు బేరింగు చెడియుండవచ్చును. రోలరు ప్రక్కన నూనె కారుచున్నదేమో చూడుడు. నూనె నింపి మూసిన రోలరునకు పైన గ్రీజు పూసి ప్రయోజనము లేదు, మార్చవలసినదే.

చప్పుడు తగ్గించు పద్ధతు లివి. ప్రతిదినము పని ముగియగానే, రేగడి యెండి గట్టిపడకమునుపే, రోలర్ల నడుమనున్న మట్టిని నీటితో కడుగవలెను. చైనును నేలనుండి లేపి, అది ఎంత వ్రేలాడుచున్నదో కొలిచి, యంత్రముతో వచ్చిన పుస్తకములోని కొలతకు సరిచూడవలెను. పండ్లచక్రపు పండ్లు కొక్కెములవలె వంగినచో దానిని మార్పక కొత్త చైను వేయరాదు. పాత పండ్లు కొత్త చైనును కొఱికివేయును. మలుపులు విశాలముగా తీసికొనవలెను. ఊరినుండి ఊరికి పోవునప్పుడు యంత్రమును లారీపై నెక్కించుట మేలు.

ఒక హెచ్చరిక. ఇంజను ఆపక చైనుదగ్గర చేయి పెట్టరాదు. గ్రీజుతో బిగించు చైనులలో గ్రీజు గొప్ప ఒత్తిడితో నుండును. వదులు చేయునప్పుడు ఆ మరను పూర్తిగా విప్పినచో అది తూటావలె వెలికి వచ్చి మనిషిని గాయపఱచును. మెల్లగా, కొద్దికొద్దిగా త్రిప్పవలెను. ముఖము ఎదురుగా నుంచరాదు.

చైను సరిచేసినంతమాత్రమున ఇంజను రొద పోదు. 85 డెసిబెల్లుల శబ్దమును దినమునకు 8 గంటల చొప్పున ఏండ్ల తరబడి వినినచో వినికిడి చెడునని వైద్యులు చెప్పుదురు. మా కుఱ్ఱవానిని ఇప్పుడు రెండుమార్లు పిలువవలసి వచ్చుచున్నది. చెవిలో దూది పెట్టుకొనిన చాలదు. ఇందుకై చేసిన చెవిబిరడాలు కొనియీయవలెను. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు ఇండ్లున్న చోట రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలదాక 45 డెసిబెల్లుల హద్దు విధించినవి. కావున రాత్రివేళ వీథులలో చైను నడపుట తగదు.

కడపట మీకొక విన్నపము. మీ పొలములో కోయుచుండగా నడుపువాడు చప్పుడు మారినదని యంత్రము నాపినచో వానిని తొందరపెట్టకుడు. ఆ యరగంట నష్టమును వానిపైననే మోపకుడు. ఆనాడు నేనాపియుండినచో పోయెడిది అరగంటయే. నిరుడు కోతలు రాగానే ఆ పొరుగు రైతు కయ్యనే మొదట కోసితిని, బాడుగ పుచ్చుకొనలేదు. అయినను మొలకెత్తిన గింజ తిరిగి రాదుగదా.