తాఖీదులు చాలు, ఉత్తరాలు రానివ్వండి
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం నలుగురం ఒకచోట చేరితే మాట్లాడుకునేవి డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లులు, ఏటా ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్. ఈసారి కార్యదర్శి గారు నన్ను వేరే దారి పట్టించారు. ప్రాథమిక పాఠశాలలో చదివే పిల్లలకూ, వారి తల్లిదండ్రులకూ బడి మీద మనసు కలిగే ఉపాయమేమిటో చెప్పమన్నారు. నేను ఉపాధ్యాయుణ్ణి కాను. ముప్పై నాలుగేళ్లు గుమస్తాగా టప్పాలు విప్పి, నంబర్లు వేసి, జవాబులు చిత్తు రాసి పై అధికారికి పెట్టినవాణ్ణి. కనుక నాకు తెలిసిన ఆ పని భాషలోనే చెబుతాను. మన్నించండి.

ఇప్పుడు చాలా ఇళ్లలో కొడుకూ కోడలూ పనికి వెళితే, మనుమడి బడిసంచి విప్పి డైరీ చూసేది మనమే. అందులో ఏముంటుంది? ఫలానా తేదీలోగా ఫీజు కట్టవలెను. రేపు సెలవు. ఎల్లుండి పరీక్ష. మీ అబ్బాయి క్లాసులో అల్లరి చేయుచున్నాడు. కింద ఒక గీత, ఆ గీత కింద ‘తల్లిదండ్రుల సంతకం’. ఇప్పుడు ఇదే సంగతి సెల్‌ఫోన్లోకి కూడా వస్తోంది. మన ఆఫీసు భాషలో దీన్ని తాఖీదు అంటారు. తాఖీదు అందుకున్నవాడు ముట్టినట్లు సంతకం పెడితే సరిపోతుంది.

ఉత్తరం సంగతి వేరు. అందులో ఒక మనిషి తనకు తెలిసింది చెబుతాడు, మనల్ని ఏదో ఒకటి అడుగుతాడు. జవాబు రాసేదాకా మనకు తోచదు. బడి నుంచి తాఖీదులే వస్తే ఇంటి నుంచి సంతకాలే వెళతాయి. పిల్లవాడి చేతిరాతతో ఉత్తరం వస్తే జవాబు వెళుతుంది. నేను చెప్పదలచుకున్నది ఇంతే.

ఇది నా సొంత తెలివి కాదు. ఫ్రాన్సు దేశంలో సెలెస్తిన్ ఫ్రెనే అనే బడిపంతులు ఉండేవాడు. 1896లో దక్షిణాది కొండ పల్లెలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, ఊపిరితిత్తికి గాయమైంది. 1920లో బార్-స్యూర్-లూ అనే చిన్న ఊరి బడిలో చేరాడు. గంటల తరబడి గొంతెత్తి పాఠం చెప్పే ఓపిక ఆయనకు లేదు. అందుకని పిల్లల్ని ఊళ్లోకి, పొలాల్లోకి తీసుకుపోయేవాడు. తిరిగి వచ్చాక చూసినదాన్ని వాళ్ల మాటల్లోనే చెప్పించి రాయించేవాడు. తరువాత ఒక చిన్న చేతి అచ్చుయంత్రం కొన్నాడు. పిల్లలే సీసపు అక్షరాలు కూర్చి, తాము రాసుకున్నది తామే అచ్చువేశారు.

దేశానికి ఆ చివర బ్రిటనీ సముద్రతీరాన పనిచేస్తున్న రెనే దానియేల్ అనే మరొక పంతులుతో ఆయనకు ఉత్తర ప్రత్యుత్తరాలు మొదలయ్యాయి. కొండ మీది పిల్లలు తమ సంగతులు రాసి పంపితే, సముద్రం ఒడ్డు పిల్లలు తమవి పంపేవారు. ఇక్కడ కిటుకు గమనించండి. పంతులుగారికి ముందే తెలిసిన విషయం రాయడానికి పిల్లవాడికి ఉత్సాహం ఉండదు. అవతల నిజంగా తెలియనివాడు ఒకడున్నాడంటే కలం కదులుతుంది. వాడికి సరిగా చెప్పాలంటే ముందు తాను తెలుసుకోవాలి. తెలుసుకోవాలంటే ఇంట్లో నాన్ననో నాయనమ్మనో అడగాలి. అలా బడి పని ఇంటి మధ్యకు వస్తుంది.

అయితే ఆయన దారి అంతా పూలబాట కాదు. 1932లో మరో ఊళ్లో పనిచేస్తుండగా ఒక పిల్లవాడు తనకు వచ్చిన కల రాశాడు. ఆ కలలో ఊరి మేయరును చంపినట్లు ఉంది. అది అచ్చయింది. పంతులంటే గిట్టనివారు దాన్ని గోడల మీదికెక్కించారు. పెద్ద గొడవ జరిగి ఆయనకు బదిలీ అయింది. చివరకు ప్రభుత్వ బడి వదలి, 1935 నాటికి వాన్స్ అనే పట్టణం దగ్గర సొంతంగా బడి పెట్టుకున్నాడు. 1966లో కన్నుమూశాడు. బడి గోడ దాటి వెళ్లే కాగితం ఎవరి చేతిలోనైనా పడవచ్చునని మనం ఇందులో నేర్చుకోవలసింది.

ఇక మా ఊరి సంగతి. మా ఇంటికి దగ్గరలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల ఉంది. వారానికి రెండు మధ్యాహ్నాలు నేను అక్కడికి వెళుతుంటాను. మూడో తరగతి టీచరమ్మ గారు ప్రతి బుధవారం ముగ్గురు పిల్లల చేత తలా ఐదారు పంక్తులు రాయిస్తారు. ఆ మూడూ ఒకే కాగితం మీదికి ఎక్కించి, జిరాక్సు తీయించి, ఇంటింటికీ ఒకటి పంపుతారు. కింద మూడోవంతు ఖాళీ. అక్కడ ‘ఇంటివారి మాట’ అని రాసి ఉంటుంది.

మొదటి వారం కాగితాలన్నీ తిరిగి వచ్చాయి. దాదాపు అన్నిటి మీదా సంతకాలూ వేలిముద్రలే. జనానికి అంతకాలంగా అలవాటు చేసింది అదే కదా! టీచరమ్మ గారు నిరుత్సాహపడలేదు. రెండో వారం నుంచి ప్రతి పిల్లవాడూ చివర ఒక ప్రశ్న అడగాలని నియమం పెట్టారు. ఒకడు మిరప తోట గురించి రాసి, “కాయ ఎర్రబడిందని కోయాలా, ఎండిందాకా ఆగాలా?” అని అడిగాడు. అంతే. ఆ వారం జవాబులు చదవడానికి గంట చాలలేదు. రాయడం రాని తల్లులు చెబుతుంటే పిల్లలే రాసుకొచ్చారు. కూలికి వెళ్లే ఒకావిడ చెప్పిన జవాబు, కోత చేతిని ఎలా మండిస్తుందో, ఆ రాత్రి చంటిబిడ్డను ఎత్తుకోవడానికి ఎలా భయపడుతుందో, క్లాసులో చదువుతుంటే పిల్లలు కిక్కురుమనలేదు. ఆవిడ అంతకు ముందు బడి గేటు దాటి లోపలికి రాలేదు. మరుసటి వారం వచ్చింది.

ఇంకొక పాప తండ్రి తాపీ మేస్త్రీ. పని కోసం హైదరాబాదులో ఉంటాడు. పాప తన కాగితంలో, “మా నాన్న కట్టే ఇల్లు ఎన్ని అంతస్తులో నాకు తెలియదు” అని రాసింది. తల్లి ఆ కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసి ఆయనకు పంపింది. ఆయన రాయలేదు, మాటల్లో చెప్పి పంపాడు. పద్నాలుగు అంతస్తులట. పై నుంచి చూస్తే మనుషులు చీమల్లా కనబడతారట. “బంగారుతల్లీ, నీ రాత బాగుంది, పొడుగుగా రాయమ్మా” అన్నాడు. టీచరమ్మ గారు దాన్ని క్లాసులో వినిపించారు. తరువాతి వంతు వచ్చినప్పుడు ఆ పాప రెండు పేజీలు రాసింది.

కొందరు తల్లిదండ్రులు, “తప్పులున్న కాగితం ఇళ్లకెలా పంపుతారండీ?” అన్నారు. ఇది న్యాయమైన ప్రశ్నే. మనం ఆఫీసులో చేసిందే అక్కడా చేస్తారు. ముందు చిత్తు ప్రతి. పక్కన కూర్చున్న పిల్లవాడు చదివి తప్పులు చూపాలి. ఆ తరువాత టీచరు చూడాలి. అప్పుడు సాపు ప్రతి. అక్షరాలు దిద్దుతారు గానీ పిల్లవాడి మాట మార్చరు. పదిమంది చదువుతారని తెలిస్తే ఒత్తులూ దీర్ఘాలూ వాడికే పట్టింపుకొస్తాయి.

చట్టం కూడా దీనికి అనుకూలమే. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. టీచర్లు తల్లిదండ్రులతో క్రమం తప్పక సమావేశమై పిల్లల హాజరు, చదువు, ప్రగతి తెలియజేయాలని అందులో 24వ సెక్షన్ చెబుతుంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలనీ, సభ్యుల్లో సగం మంది స్త్రీలై ఉండాలనీ 21వ సెక్షన్. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులన్నిటా ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. మంచిదే. కానీ ఒక రోజు సభ ఒక రోజుతో అయిపోతుంది. వారం వారం కాగితం అందుకున్న తల్లి ఆ సభకు వస్తే, చప్పట్లు కొట్టి పోదు. అడగడానికి ఆమె దగ్గర సంగతి ఉంటుంది.

మీ మనుమల బడిలో ఇది మొదలుపెట్టించాలనుకునేవారికి నాలుగు మాటలు.

ఒకటి, హాజరుపట్టీ వరుసన అందరి వంతూ రావాలి. బాగా రాసేవారి కాగితమే పంపితే మిగతా ఇళ్లు తలుపు వేసుకుంటాయి. ర్యాంకులూ మార్కులూ ఇందులో వద్దు.

రెండు, ఇంట్లో పోట్లాటలు, అప్పులు, రోగాలు కాగితం మీదికి రాకూడదు. పిల్లవాడు రాస్తే టీచరు తన దగ్గరే ఉంచుకుని, అవసరమైతే విడిగా మాట్లాడాలి. ఫ్రెనే గారి కథ మరచిపోవద్దు.

మూడు, ఫోన్ గ్రూపులో పెట్టేటప్పుడు పిల్లల ఫోటోలు, పూర్తి పేర్లు, ఇంటి చిరునామాలు పెట్టకూడదు. పిల్లల వివరాల విషయంలో తల్లిదండ్రుల అంగీకారం ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టంలోనే రాశారు. ఫోన్ లేని ఇంటికి కాగితం తప్పనిసరి.

నాలుగు, వచ్చిన జవాబు వారంలోగా క్లాసులో చదవాలి. జవాబు రాసినవాడికి అది చేరిందని తెలియాలి. లేకపోతే అది పెండింగు ఫైలు. పెండింగు ఫైలు చూసి ఎవరూ రెండో అర్జీ పెట్టరు.

చివరగా మన వంతు. మనం వెళ్లి పాఠాలు చెప్పనక్కరలేదు, తనిఖీ అసలే చేయకూడదు. ఇంటికి వచ్చిన కాగితం పైకి చదివించుకుని వినండి. తెలిసినది రెండు పంక్తులు జవాబు రాయండి. మీ వీధిలో రాయడం రాని తల్లి ఉంటే, ఆవిడ చెప్పింది చెప్పినట్లుగా రాసిపెట్టండి. ఇతరుల మాటను తారుమారు చేయకుండా కాగితం మీద పెట్టడం మనలో చాలామందికి జీవితమంతా అన్నం పెట్టిన విద్య. ఆ బడిలో జవాబులు రాసిపెట్టే మనిషి కోసం ప్రతి గురువారం ఐదారుగురు తల్లులు ఎదురు చూస్తుంటారు. నేనొక్కణ్ణే ఉన్నాను. మా ఊరివారెవరైనా ఈ సభలో ఉంటే, వచ్చే గురువారం మధ్యాహ్నం మూడు గంటలకు రండి. కళ్లజోడు, పెన్ను తెచ్చుకుంటే చాలు.