ఆకు మీద కాయ కాసిందా?



మన గోదావరి కాలువగట్ల వెంబడి నడిచేవారికి కానుగ చెట్టు తెలియనిది కాదు. ఒక్కొక్క చెట్టుకు ఆకులనిండా మశూచి పోసినట్లు పొక్కులు, చిన్న కొమ్ములవంటి బుడిపెలు లేస్తాయి. కొందరు తెగులంటారు, కొందరు గాలి సోకిందంటారు. వెంటనే గొడ్డలి తెస్తారు.

సహోదరులారా, లూకా సువార్త 13వ అధ్యాయములోని తోటమాలి కాయని అంజూరపు చెట్టుకు కూడా ఒక ఏడాది గడువు అడిగాడు. ఊరకే అడుగలేదు, చుట్టూ త్రవ్వి ఎరువు వేసే పని తన మీద వేసుకున్నాడు. మీరు అంత చేయనక్కరలేదు. ఒక ఆకు తెంపి, బ్లేడుతో ఆ బుడిపెను కోయండి. లోపల డొల్లగా ఉంటుంది. అందులో కాపురముండేది ఒక రకం నల్లి. దాని పొడవు మిల్లీమీటరులో ఐదవ వంతు, మామూలు భూతద్దానికి కూడా సరిగా ఆనదు. ఇతర నల్లులకు 8 కాళ్లుంటే దీనికి 4 మాత్రమే. విచిత్రమేమిటంటే, ఆ గది కట్టినది నల్లి కాదు, ఆకే! లేత ఆకును అది గిల్లగా, ఆకు పెరిగి దాని చుట్టూ గోడ లేపుతుంది. ఎదిగిన కానుగ దీనివలన చావదు.

మారేడుమిల్లి, రంపచోడవరం అడవులలోని కరక్కాయ చెట్టు ఆకులకూ పురుగు వలన ఇట్టి బుడిపెలు వస్తాయి. బజారులో వాటిని కరక్కాయ పువ్వు అంటారు గాని అవి పువ్వులు కావు. అద్దకము పనివారు వాటినుండి పసుపు రంగు తీస్తారు.

బదనిక సంగతి వేరు. మామిడి కొమ్మ మీద మామిడివి కాని దళసరి ఆకులు, గొట్టమువంటి పూలు గుత్తులుగా కనబడితే అది వేరొక మొక్క. పిట్ట దాని పండు తిని, జిగురు విత్తనమును కొమ్మకు అంటిస్తుంది. అది కొమ్మలోనికి వేరు దించి నీరు త్రాగుతుంది, కొమ్మ చివర ఎండిపోతుంది. దీనినే తాయెత్తులో పెట్టి, ఇంటికి ఐశ్వర్యమని చెప్పి అమ్మేవారున్నారు. కూలి డబ్బులు పోసి కొనే అమ్మలారా, తనను మోసిన కొమ్మనే ఎండబెట్టినది మీ ఇంటికి కలిమి తెస్తుందా?

మామిడి తోటలున్న రైతు సోదరులకు ఒక మాట. ఆకులు దూసివేస్తే చాలదు, వేరు కొమ్మలోనే ఉండి మరల చిగురిస్తుంది. అది అతుక్కున్న చోటికి బాగా దిగువన కొమ్మనే కోయాలి. దాని పండ్లు పక్వానికి రాకముందే కోయండి. ఆలస్యమైతే పిట్ట ఆ విత్తనాన్ని మీ పొరుగువాని తోటకు మోసుకొనిపోతుంది.