ఇంటికి పంపడం, ఇంటికి చేర్చడం
(లింగంపల్లిలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఎ. బకాయిల గురించి, మందుల బిల్లుల గురించి కార్యదర్శిగారు ఇప్పటికే వివరంగా చెప్పారు గనుక నేను ఆ జోలికి పోను. ఇల్లు విడిచి రైలెక్కి వచ్చే పిల్లల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. రిటైరయ్యాక గత ఆరేళ్ళుగా వారానికి రెండు పూటలు అలాంటి పిల్లలుండే ఒక హోముకు వెళ్ళి వస్తున్నాను. ఆ కాస్త అనుభవంతోనే మాట్లాడుతున్నాను.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. 1991లో ఒక జంక్షనులో టికెట్ కలెక్టరుగా ఉన్నాను. తెల్లవారుజామున పాసింజరులోంచి పదేళ్ళ కుర్రాడొకడు దిగాడు. టికెట్టు లేదు. ఒంటి మీద పెద్దవాళ్ళ చొక్కా. ఊరి పేరు అడిగితే చెప్పాడు. నాలుగు ఇడ్లీలు తినిపించి, అటు వెళ్ళే బండి గార్డుకు అప్పగించి పంపేశాను. ఇంటికి వెళ్ళి మా ఆవిడతో గొప్పగా చెప్పుకున్నాను కూడా. పదకొండో రోజున వాడు మళ్ళీ అదే ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. నన్ను చూసి పార్సెల్ ట్రాలీ వెనక దాక్కున్నాడు. సవతి తండ్రి బీడీతో కాలుస్తాడనీ, వీపు మీద మచ్చలున్నాయనీ టీ అమ్మే అతను చెప్పాడు. నేను ఇడ్లీ పెట్టాను, ఊరి పేరు అడిగాను గాని ఎందుకొచ్చావురా అని మాత్రం అడగలేదు. ఇంకో నెల రోజులు అక్కడక్కడే తిరిగాడు, నా దగ్గరకు మాత్రం రాలేదు. ఆ తరువాత కనిపించలేదు.

1986 నాటి బాలల న్యాయ చట్టం అప్పటికే అమలులో ఉంది. నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

ఇప్పుడు మన లింగంపల్లి సంగతి. 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. వచ్చేదాకా ఇది చిన్న స్టేషను. తరువాత గౌతమి, నారాయణాద్రి వంటి దూరపు బండ్లను కూడా ఇక్కడిదాకా పొడిగించారు. బండి ఎక్కడ ఆగిపోతుందో పారిపోయి వచ్చిన పిల్లవాడు అక్కడే దిగుతాడు. వాడికి ఫలానా ఊరు వెళ్ళాలని ఉండదు గదా! సీటు కింద పడుకున్నవాణ్ణి బోగీ ఊడ్చేవాళ్ళు లేపుతారు. వాడు కళ్ళు నులుముకుంటూ దిగేది మన ప్లాట్‌ఫారం మీదకే.

ఇంకో రకం పిల్లలు వేరే ఉన్నారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి ఈ చుట్టుపక్కల కట్టడాలు ఆగలేదు. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి కూలికి వచ్చిన కుటుంబాల పిల్లలు వీళ్ళు. వీళ్ళు పారిపోయినవాళ్ళు కారు. అమ్మా నాన్నా ఇటుకలు మోస్తుంటే వీధిలో పెరుగుతున్నవాళ్ళు. ఈ పిల్లలకు కావలసింది హోము కాదు, దగ్గర్లో బడి. ఈ రెండు రకాలనూ ఒకే గాటన కట్టేసి అందరినీ వ్యానెక్కిస్తే తల్లి సాయంత్రం పని దిగి వచ్చి గుండెలు బాదుకుంటుంది.

చట్టం ఇప్పుడు స్పష్టంగానే ఉంది. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం దిక్కులేకుండా కనిపించిన బిడ్డను ప్రయాణకాలం మినహా 24 గంటల లోపల బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. మనకు కనిపిస్తే పోలీసులకో, 1098కో చెప్పాలి. చెప్పకపోవడం నేరం. ఆరు నెలల దాకా జైలు గాని, పదివేల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. 1098 అనేది 1996లో ముంబయిలో మొదలైంది. 2023 నుంచి ప్రభుత్వాలే నడుపుతున్నాయి, 112తో కలిపారు. మనలో చాలామందికి ఒక సందేహం ఉంది. స్టేషను రంగారెడ్డి జిల్లా, బి.హెచ్.ఇ.ఎల్. వైపు వెళితే సంగారెడ్డి జిల్లా, ఎవరికి చెప్పాలి అని. ఆ లెక్క మనకొద్దు. ఫోన్ ఎత్తినవాళ్ళు చూసుకుంటారు.

కాని ఫోన్ చేయడం మొదటి మెట్టే. మన రాష్ట్రంలో పోలీసులు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ జరుపుతారు. మంచి పనే. బిడ్డను వెతికి పట్టుకోవడం ఒక్క పూటలో అవుతుంది. ఇంటితో మళ్ళీ అతకడానికి నెలలు పడుతుంది. మన బండ్లు వాడి మీదుగా పోతాయి గదా, అక్కడినుంచి దక్షిణానికి తిరిగితే రాయచూరు. అక్కడ 1992లో మొదలైన సాథి అనే సంస్థ ప్లాట్‌ఫారం పిల్లల్ని ముందు కొన్నాళ్ళు శిబిరంలో ఉంచి, ఇంటి మాట వాళ్ళ నోటనే వచ్చేదాకా ఆగి, అప్పుడు తల్లిదండ్రుల్ని పిలిపించే పద్ధతి పాటించింది. విజయవాడ స్టేషనులో నవజీవన్ బాలభవన్ వారు చేసిన సేవ మీలో ఆ డివిజన్‌లో పనిచేసినవారికి తెలిసే ఉంటుంది.

ఆరేళ్ళలో నేను దగ్గరగా చూసిన కేసు ఒకటి చెబుతాను. పేరూ ఊరూ చెప్పను, చట్టం ఒప్పదు. పన్నెండేళ్ళవాడు. మొదటి వారంలో మూడు పేర్లు చెప్పాడు, మూడూ సినిమా హీరోల పేర్లే. తల్లిదండ్రులు లేరన్నాడు. నేను వాడికి లెక్కలు చెప్పేవాణ్ణి. మూడో వారంలో వడ్డీ లెక్క చేస్తూ చేస్తూ, "తాతా, ఐదువందలు పోగొడితే ఎన్ని దినాల కూలి?" అని అడిగాడు. అదీ విషయం. విత్తనాలకని నాయిన ఇచ్చిన ఐదువందలు దారిలో పడిపోయాయి. అంతకుముందు ఒకసారి ఇంకేదో పోగొడితే కట్టేసి కొట్టాడట.

సమితివారు సామాజిక విచారణ చేయించారు. హోము కౌన్సిలరమ్మ తండ్రితో రెండుసార్లు ఫోన్‌లో మాట్లాడాక ఆయన వచ్చాడు. పిల్లవాడు గదిలోంచి బయటికి రాలేదు. ఆయన వరండాలో రెండు గంటలు కూర్చుని, "నేను కొట్టిన సారూ, కొట్టలేదని అనను" అని నాతో అని వెళ్ళిపోయాడు. కౌన్సిలరమ్మ ఆయన్ను ఆపలేదు, వాణ్ణి బలవంతం చేయలేదు. నాకైతే కోపం వచ్చింది, అంత దూరం వచ్చిన తండ్రిని ఉత్తి చేతులతో పంపిస్తారా అని. ఇప్పుడు ఆలోచిస్తే ఆమెదే సబబు. రెండోసారి తల్లినీ, చిన్న కూతురినీ వెంటబెట్టుకుని వచ్చాడు. చెల్లెలి గొంతు వినగానే వాడు పరుగెత్తుకొచ్చాడు. ఇంటికి వెళ్ళేసరికి దాదాపు మూడు నెలలు పట్టింది.

అక్కడితో అయిపోలేదు. బడిలో టి.సి. లేదని చేర్చుకోలేదు. అప్పుడు నేను పనికొచ్చాను. ముప్పై నాలుగేళ్ళు ఫైళ్ళ మధ్య బతికినవాణ్ణి గదా! 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం టి.సి. ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. వయసు రుజువు లేదని కాదనకూడదు. వయసుకు తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టి వెనకబడిన పాఠాలు విడిగా చెప్పాలి. సెక్షన్లు వేసి ఒక పేజీ అర్జీ రాసిచ్చాను. హెడ్మాస్టరుగారు చదివి, అద్దాలు తీసి, చేర్చుకున్నారు. మిషన్ వాత్సల్య కింద ఇలాంటి కుటుంబాలకు బిడ్డ పేర నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. ఏడాది ఆదాయం గ్రామాల్లో 72,000, ఇతర చోట్ల 96,000 దాటకూడదు. ఆ కాగితాలూ పూర్తి చేశాను.

ఈ వయసుకు తగ్గ తరగతి అన్న మాటకు మన పక్కనే ఉన్న హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా పనిచేసిన శాంతా సిన్హాగారికి మనం ఋణపడి ఉన్నాం. 1990లలో రంగారెడ్డి జిల్లా గ్రామాల్లో ఎం.వి. ఫౌండేషన్ వారు పనిలో ఉన్న పిల్లల్ని శిబిరాల్లో కొన్ని నెలలు చదివించి నేరుగా పై తరగతుల్లో చేర్చి చూపించారు. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది.

మరి మన కుర్రాడు? సంక్రాంతి తరువాత మళ్ళీ రైలెక్కాడు. తండ్రి తాగి వచ్చాడట. లింగంపల్లిలో దిగి, ఈసారి దాక్కోకుండా నేరుగా రైల్వే పోలీసు దగ్గరకు వెళ్ళి హోముకు ఫోన్ చేయమన్నాడు. కౌన్సిలరమ్మ ఆ కబురు చెబుతూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు గాని ఆమె ఎందుకు నవ్విందో సాయంత్రానికి అర్థమైంది. నాలుగు రోజులుండి మళ్ళీ వెళ్ళాడు. ఆ వారంలోనే సర్పంచి ముందు తండ్రి చేత మాట ఇప్పించారు. ఇప్పుడు తొమ్మిది చదువుతున్నాడు. లెక్కల్లో మార్కులు తక్కువే.

ఒక చేదుమాట కూడా చెప్పాలి, క్షమించండి. "పాపం, మా ఇంట్లో ఉంచుకుని చిన్నచిన్న పనులు చేయించుకుంటూ చదివిస్తాం, ఒకణ్ణి ఇప్పించండి" అని మన సభ్యులే ముగ్గురు నన్ను అడిగారు. ఇళ్ళలో పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని పనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు నుంచి నిషేధం. పద్నాలుగు దాటినా సరే, ఆ ఇప్పించడం నా చేతిలో లేదు, ఉన్నా ఇప్పించను.

హోములో కావలసింది లెక్కలు, ఇంగ్లీషు చెప్పేవాళ్ళు. అర్జీలు రాసేవాళ్ళు ఇంకా ఎక్కువ కావాలి. ఆధార్‌లో తండ్రి పేరు తప్పు, కుల ధ్రువపత్రం లేదు, బ్యాంకు ఖాతా లేదు, ఇలాంటివి ఒక్కో బిడ్డకు నాలుగైదు ఉంటాయి. ఒంగోలు, బళ్ళారి, బీదరు వైపు పనిచేసి ఆ ఊళ్ళు, ఆ భాషలు తెలిసినవారు ఫోన్‌లో తల్లిదండ్రులతో మాట్లాడినా చాలు. వచ్చే ముందు పోలీసు ధ్రువీకరణ అడుగుతారు. ఈ వయసులో మాకేమిటి అనుకోకండి, నన్నూ అడిగారు. పేర్లు రాసుకునే పుస్తకం తలుపు దగ్గర బల్ల మీద ఉంది, భోజనాలకు వెళ్ళేటప్పుడు చూడండి. సెలవు.