పిల్లల వెన్నెముక క్షయ – మన కర్తవ్యం



కిందపడిన వస్తువును తీయడానికి పిల్లవాడు నడుం వంచలేక, మోకాళ్లు మడిచి కూర్చుంటున్నాడా? అది మారాం కాదు. వెన్నెముక క్షయ కావచ్చు. అశ్రద్ధ చేసినట్లయితే గూని ఏర్పడవచ్చు, కాళ్లు చచ్చుబడవచ్చు.

పూర్వం ఇటువంటి పిల్లలను నెలల తరబడి ప్లాస్టరు కట్టుతో మంచానికే పరిమితం చేసేవారు. నడుస్తూ తిరుగుతూ మందులు వాడినవారిలో అత్యధికులు శస్త్రచికిత్స లేకుండానే కోలుకోగలరని 1970వ దశకంలో మద్రాసులో ప్రారంభమైన పరిశోధన నిరూపించింది. కొందరికి మాత్రమే ఆపరేషన్ అవసరమవుతుంది.

నేడు మందులు ప్రభుత్వాసుపత్రులలో ఉచితం. కానీ కనీసం 12 నెలలు విడువకుండా వాడాలి. అందుకే చికిత్స ముగిసేవరకు తల్లిదండ్రుల బదిలీలు నిలిపివేయాలనీ, ఆసుపత్రికి వెళ్లే రోజున సెలవు నిరాకరించరాదనీ మనం డిమాండ్ చేస్తున్నాం. సెలవు కోసం పోరాడదాం. మందు మాత్రం ఒక్కరోజూ మాననివ్వం.