తర్జుమాలో జారిపోయిన మాట



ఒక సంఘటనను ఊహించుకుందాం. పాలమూరు ప్రాంతం నుండి బెంగళూరుకు భవన నిర్మాణ పనికి వచ్చిన ఒక కుటుంబం రేకుల షెడ్డులో నివసిస్తున్నది. తండ్రి మరణించాడు. తల్లి క్షయవ్యాధితో ఆసుపత్రిలో ఉన్నది. పదేళ్ల బాలిక, ఆమె ఏడేళ్ల తమ్ముడు మిగిలారు. బాలల సంక్షేమ సమితి ఆదేశంపై విచారణకు వచ్చిన సామాజిక కార్యకర్తకు కన్నడమే వచ్చును, పిల్లలకు తెలుగే వచ్చును. ఆ కుటుంబాన్ని అడ్వాన్సు ఇచ్చి తెచ్చిన మేస్త్రీ మధ్యలో నిలబడి తర్జుమా చేస్తాడు.

"అన్నం సరిగా తింటున్నావా?" అన్న ప్రశ్నకు బాలిక, "తమ్ముడు తినకుంటే నాకు సయించదు" అంటుంది. మేస్త్రీ, "ఆకలి లేదట" అంటాడు. నివేదికలో 'ఆకలి మందగించినది' అన్న మాట చేరుతుంది. అక్కాతమ్ములను రెండు వేరు వేరు ఇళ్లకు పంపరాదని చెప్పగలిగిన ఒకే ఒక్క వాక్యం అక్కడ జారిపోతుంది.

కన్నవారి నీడ కరవైన బిడ్డను కొంతకాలం మరొక కుటుంబంలో ఉంచి పోషించే ఏర్పాటును ఫాస్టర్ కేర్ అంటారు. ఇది దత్తత కాదు. తల్లి కోలుకుంటే బిడ్డ ఆమె వద్దకు తిరిగి చేరవచ్చును. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 44వ సెక్షను ఈ ఏర్పాటును నిర్దేశించినది. తోబుట్టువులను వీలైనంతవరకు ఒకే ఇంట ఉంచాలనీ, పోషించే కుటుంబాన్ని సమితి నెలనెలా తనిఖీ చేయాలనీ, బిడ్డ మేలుకు భంగం లేనంతవరకు కన్నవారు వచ్చి చూడవచ్చుననీ ఆ సెక్షను చెబుతున్నది.

ఈ నిర్ణయాలన్నిటికీ పునాది సామాజిక విచారణ నివేదిక. దానిని పదిహేను రోజులలో పూర్తిచేయాలని చట్టం గడువు విధించినది. తగిన పరిణతి గల బిడ్డ అయితే, ఆ బిడ్డ కోరికను కూడా సమితి పరిగణించాలి. అందువల్ల బిడ్డ అవసరాల అంచనా ఫారం నింపడంతో ముగిసే పని కాదు. టీకాలు పడ్డాయా, ఏ తరగతి, ఏ మాధ్యమం అన్నవి కాగితాలలో దొరుకుతాయి. రాత్రి ఎందుకు ఉలిక్కిపడుతున్నది, ఎవరి పేరు వింటే ముఖం విప్పారుతున్నది, ఎవరిని చూసి వెనుకకు తగ్గుతున్నది అన్నవి మాత్రం ఓపికగా, ఒకటికి రెండుసార్లు కూర్చుని, బిడ్డ భాషలో వింటేనే తెలుస్తాయి.

భాష కూడా బిడ్డ అవసరమే. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశం 1992లో చేరినది. కుటుంబానికి దూరమైన బిడ్డకు ఆశ్రయం వెదకేటప్పుడు ఆ బిడ్డ సంస్కృతిని, భాషా నేపథ్యాన్ని గమనించాలని దాని 20వ అధికరణం చెబుతున్నది. తెలుగు మరచిన బిడ్డ కోలుకుని వచ్చిన తల్లితో ఏమి మాట్లాడగలదు?

వృత్తిధర్మం ఇక్కడే పరీక్షకు నిలుస్తుంది. విచారించే వ్యక్తి తన ఇంటి అలవాట్లను కొలబద్ద చేసుకోరాదు. రేకుల షెడ్డు పేదరికానికి గుర్తు, ప్రేమలేమికి కాదు. కేవలం పేదరికం కారణంగా బిడ్డను కుటుంబం నుండి వేరుచేయరాదని 2009లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. ఆ కుటుంబంతో లావాదేవీలున్న మనిషిని దుబాసీగా పెట్టుకోరాదు. "రేపే అమ్మ దగ్గరకు పంపుతాము" వంటి నిలుపుకోలేని మాట బిడ్డకు ఇవ్వరాదు. విన్నదానిని బిడ్డ మాటలలోనే వ్రాసి, తన అభిప్రాయాన్ని దాని పక్కన వేరుగా వ్రాయాలి.

ఈ నగరంలో స్థిరపడిన తెలుగువారికీ ఇందులో పాత్ర ఉన్నది. దిక్కులేని బిడ్డ కనిపిస్తే 1098కు ఫోన్ చేయాలి. జాలితోనైనా సరే, ఎవరికీ తెలియజేయకుండా ఇంట ఉంచుకోరాదు. తప్పిపోయిన లేక అనాథ అయిన బిడ్డ సమాచారాన్ని ఇరవైనాలుగు గంటలలో అందించడం చట్టప్రకారం విధి. బిడ్డ ఫొటోను వాట్సాప్‌లో పంచరాదు. విచారణలో ఉన్న బిడ్డ గుర్తింపును బయటపెట్టడం 74వ సెక్షను కింద నేరం. బిడ్డను పోషించదలచినవారు సమితిని గాని, జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్ని గాని సంప్రదించవచ్చును. మిషన్ వాత్సల్య కింద నెలకు ఇచ్చే 4,000 రూపాయలు బిడ్డ పోషణకే. ఇంటి చాకిరీకి ఒక చేయి దొరుకుతుందన్న తలంపుతో ఎవరూ ముందుకు రారాదు.

రెండు భాషలూ తెలిసినవారు చేయగల సేవ మరొకటి ఉన్నది. విచారణ సమయంలో దుబాసీగా నిలవడం. అప్పుడు బిడ్డ మాటను కుదించరాదు, సవరించరాదు, అక్కడ విన్నది బయట చెప్పరాదు. "తమ్ముడు తినకుంటే నాకు సయించదు" అన్న మాటను ఉన్నదున్నట్లు కన్నడంలోకి చేర్చే మనిషి ఒక్కరుంటే, ఆ అక్కాతమ్ములు ఒకే కంచం ముందు కూర్చుంటారు.