గాలిలో వచ్చు బొమ్మకు తాళము



రేడియోలో పనిచేయు మేము టెలివిజనును గూర్చి మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని గాలిలోనికి పంపిన దానిని ఎవరో ఒకరు తమ ఇంట పట్టి దాచుకొనుట అన్నది మా వృత్తికి మొదటినుండియు తెలిసిన సంగతియే. టేపులకు కరవైన దినములలో స్టేషనులందు ఒకే టేపును చెరిపి మరల మరల వాడెడివారు. అట్లు పోయిన ఒక హరికథను ఒక శ్రోత తన క్యాసెట్టుపై పట్టి, ఏండ్ల తరబడి బీరువాలో దాచి, మాకు తెచ్చి ఇచ్చెను. ధ్వని కొంత బొంగురు. నడుమ ఎవరో తలుపు తట్టిన చప్పుడు కూడ వినబడును. ఐనను మాకు అది తప్ప వేరొక ప్రతి లేదు.

ఈ మాట జ్ఞప్తికి వచ్చుటకు కారణము డల్లాస్ నగరమున నివసించు మా మిత్రుడు వ్రాసిన ఉత్తరము. బతుకమ్మ పండుగ దినములలో అచ్చటి స్థానిక వార్తలయందు తెలుగు స్త్రీలు పూలు పేర్చి ఆడుచుండగా రెండు నిమిషములు చూపిరట. అందులో ఆయన భార్య కనబడెను. ఇంటి కప్పుపై యాంటెన్నా కలదు, క్రొత్త తరపు ప్రసారములను రికార్డు చేయు పెట్టెయు కలదు. వార్త చక్కగా రికార్డైనది. హనుమకొండలోని తల్లికి పంపబోగా మాత్రము పెట్టె ఒప్పుకొనలేదు. ఆ రికార్డింగును ఆ పెట్టెలోనే చూడవలెను. బయటికి తీసిన ఫైలు వేరొక యంత్రమున తెరచుకొనదు. తుదకు ఆయన టెలివిజను ఎదుట సెల్‌ఫోను పట్టుకొని, తెరపై ఆడుచున్న బొమ్మను చిత్రించి పంపెను. "కోడలి మొకం సరిగ కనవడలేదు కొడుకా" అని తల్లి అనినదట.

ఇది యంత్రపు చెడుగు కాదు. యంత్రమును అట్లే చేసిరి. ఎందుకు చేసిరో కొంచెము విచారింతము.

అమెరికాలో పూర్తి శక్తి టెలివిజను స్టేషనులు 2009 జూన్ 12 నాటికి పాత అనలాగ్ పద్ధతిని విడిచి డిజిటల్ పద్ధతికి మారినవి. ఆ పద్ధతి పేరు ఏటీఎస్‌సీ 1.0. ఆరు మెగాహెర్ట్జుల చానలులో సెకనుకు సుమారు 19.39 మెగాబిట్లు పంపవచ్చును. దానికి తాళము లేదు. చవుకబారు ట్యూనరును కంప్యూటరుకు తగిలించినను బొమ్మ ఫైలుగా వచ్చి కూర్చుండును. నిండు వేగమున గంటకు 8.7 గిగాబైట్లు పట్టును, అంతే. ఆ ఫైలు మీది. మేడ మీది గదిలో చూడవచ్చును, పదేండ్ల తరువాత చూడవచ్చును.

2017 నవంబరులో అచ్చటి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, ఇష్టమున్న స్టేషనులు తరువాతి పద్ధతియైన ఏటీఎస్‌సీ 3.0 ను వాడుకొనుటకు అనుమతించెను. దీనికే వారు నెక్స్ట్‌జెన్ టీవీ అని పేరు పెట్టిరి. మంచి పద్ధతియే. బొమ్మను కుదించు విద్యలో పాతదానికంటె ఎంతో ముందున్నది. బలహీనమైన సంకేతమును మరింత నిబ్బరముగా పట్టును. ఇంటర్నెట్ భాషలోనే మాటలాడును. ఇంజనీర్ల పనితనమును మేము తక్కువ చేయబోము.

రికార్డరుకు చిక్కులు వచ్చినది రెండు చోట్ల. మొదటిది శబ్దము. క్రొత్త ప్రసారములలోని ధ్వనిని ఏసీ-4 అను డాల్బీ పద్ధతిలో కట్టి పంపుదురు. దానిని విప్పు సాధనము అనేక కంప్యూటరు ప్రోగ్రాములలో లేదు. అది లేనిచోట బొమ్మ కనబడును గాని మాట వినబడదు. రేడియోవారమైన మాకు ఇంతకంటె విడ్డూరమైన లోపము వేరొకటి తోచదు! ఐనను ఇది కాలక్రమమున సర్దుకొను చిక్కు.

రెండవది తాళము. ప్రసార సంస్థలే కలిసి ఏర్పరచుకొన్న ఏ3ఎస్ఏ అను భద్రతా సంస్థ నియమముల ప్రకారము అనేక స్టేషనులు తమ క్రొత్త ప్రసారమును సంకేతబద్ధము చేసి పంపుచున్నవి. తాళపుచెవి పొందవలెనన్న పెట్టె తయారుచేయువాడు ఆ సంస్థ నియమములకు ఒప్పుకొని ధ్రువపత్రము పొందవలెను. కొన్ని పెట్టెలు తొలుత ఇంటర్నెట్ సంబంధము లేనిదే తాళము తెరవలేకపోయినవి. ఇది మాకు మిక్కిలి చిత్రముగా తోచినది. గాలివాన వచ్చి తీగలు తెగిననాడు కదా యాంటెన్నా అక్కరకు రావలసినది! ఒక యాంటెన్నా తీగను పెట్టెకు కలిపి, ఇంటిలోని ప్రతి తెరకును పంచు ట్యూనర్లు అచ్చట పేరుపొందినవి. హెచ్‌డీహోమ్‌రన్ అనునది అట్టిదే. దాని 4కె పెట్టెను కొన్నవారు, తమ ఊరి స్టేషను క్రొత్త ప్రసారమునకు తాళము పడగానే, ఆ చానలును పోగొట్టుకొనిరి.

ప్రసారకుల వాదమును కూడ చెప్పవలెను. మేమును ప్రసారకులమే. ఒకరి కార్యక్రమమును మరియొకరు గాలినుండి పట్టి, చందా పుచ్చుకొని అమ్ముకొనినచో కష్టపడినవాని గతి ఏమి? ఏరియో అను సంస్థ ఇట్టి వ్యాపారము చేయగా 2014లో అమెరికా సుప్రీంకోర్టు ప్రసారకుల పక్షముననే తీర్పు చెప్పెను. ఆ తీర్పు న్యాయమైనదని మా అభిప్రాయము. కాని ఆ దొంగను పట్టినది న్యాయస్థానము. దొంగ ఉన్నాడని ఊరిలోని ప్రతి ఇంటి గడియను బయటినుండి బిగించుట వేరు సంగతి.

ఈ తగవు క్రొత్తది కాదు. సోనీ సంస్థ బీటామాక్స్ రికార్డరును 1975లో విడుదల చేయగా, మరుసటి ఏడే సినిమా కంపెనీలు దావా వేసినవి. అది ఏడేండ్లకు పైగా నడిచినది. పిల్లల కార్యక్రమములకు పేరుపొందిన ఫ్రెడ్ రోజర్స్ సాక్ష్యమిచ్చుచు, తన కార్యక్రమమును కుటుంబములు రికార్డు చేసుకొని వీలైన వేళ చూచుట తనకు సమ్మతమేయని చెప్పెను. 1984 జనవరి 17న, ఐదుగురు అటు నలుగురు ఇటుగా, ఇంటిలో తరువాత చూచుటకై రికార్డు చేయుట నేరము కాదని సుప్రీంకోర్టు తేల్చెను. ఒక్క న్యాయమూర్తి మనసు మారియున్నచో వీసీఆర్ చరిత్ర వేరుగా ఉండెడిది. తరువాత 2003లో కమిషన్ 'బ్రాడ్‌కాస్ట్ ఫ్లాగ్' అను గుర్తును పాటింపవలెనని యంత్రములవారిని ఆదేశింపగా, ప్రసారము ఇంటికి చేరిన పిమ్మట యంత్రమేమి చేయవలెనో శాసించు అధికారము కమిషనుకు లేదని 2005లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు దానిని కొట్టివేసెను. నాడు ప్రభుత్వము చేయలేకపోయిన పనిని నేడు ఒప్పందపు కాగితము చేయుచున్నది.

పోయినచో పోవునది ఏమి అందురా? ఫిలడెల్ఫియాలో మేరియన్ స్టోక్స్ అను ఆమె, ముప్పది ఏండ్లకు పైగా, 2012లో మరణించువరకు, టెలివిజను వార్తలను ఎడతెగక రికార్డు చేయుచుండెను. సుమారు 70,000 టేపులు! ఇరుగుపొరుగువారు ఆమెను ఏమనుకొనిరో గాని, ఆ టేపులు నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్ అను గ్రంథాలయమునకు చేరినవి. ఇంగ్లండులో బీబీసీ వారు చెరిపివేసిన 'డాక్టర్ హూ' నాటకపు భాగములు తొంభైకి పైగా గలవు. వాని శబ్దమైనను మిగిలినదన్న, అది టెలివిజను ఎదుట టేపు రికార్డరు పెట్టుకొని కూర్చున్న ప్రేక్షకుల చలవ. వారెవ్వరును ధ్రువపత్రము పొందలేదు.

ఈ పద్ధతికిని మనకును సంబంధము లేకపోలేదు. టెలివిజనును నేరుగా సెల్‌ఫోనునకు పంపుటకై ప్రసార భారతి బెంగుళూరు, ఢిల్లీ ప్రాంతములలో జరిపిన పరీక్షలకు ఈ ఏటీఎస్‌సీ 3.0 యే ఆధారము. తాళముల సంగతిని అట్టి పథకము పసిదై ఉండగానే ఆలోచించుట మంచిదని మేమెంచుచున్నాము.

అమెరికాలో క్రొత్త ప్రసారము చేయు స్టేషను తన ముఖ్య కార్యక్రమమును పాత పద్ధతిలో కూడ పంపవలెనను నియమము 2025 నాటికి కలదు. దానిని ఎత్తివేయవలెనని ప్రసారకుల సంఘము 2025 ఫిబ్రవరిలో కోరినది. పెద్ద నగరములకు 2028ని, తక్కిన ఊళ్లకు 2030ని గడువుగా సూచించినది. తాళముల విషయమున ఏమి చేయవలెనని కమిషన్ కూడ అదే సంవత్సరము అక్టోబరులో ప్రజాభిప్రాయము కోరెను.

మా మిత్రుడు అటక మీదినుండి పాత పెట్టెను దింపి, దుమ్ము దులిపి, అదే యాంటెన్నాకు తగిలించెను. క్రొత్త పెట్టె చూచుటకట, పాత పెట్టె దాచుకొనుటకట. మరుసటి బతుకమ్మకు వార్తలవారు మరల వచ్చినచో, ఈమారు తల్లికి కోడలి ముఖము స్పష్టముగా పంపెదనని వ్రాసినాడు.